గోడకు నెమ్ము పడితే డాక్టరేం చేస్తాడు?

“డాక్టరుగారూ! మా బాబుకు ఆరేళ్ళు. వానలు మొదలైతే చాలు, రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. మంచం పక్కనున్న గోడ నల్లగా బూజు పట్టింది. మూడేళ్ళలో మూడుసార్లు రంగులు వేయించాం. వేసిన నాలుగు నెలలకే మళ్ళీ అదే వరస. మావారు దుబాయిలో ఉంటారు. ఇల్లు చూసుకొనేది నేనొక్కదాన్నే. వచ్చిన ప్రతి మనిషీ ఒక్కో మాట, ఒక్కో రేటు చెబుతున్నాడు. ఎవరిని నమ్మమంటారు?”

కోరుట్ల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. బాబు దగ్గు గురించి డాక్టరును అడగవచ్చు గాని, గోడ బాగుచేసే మనిషి గురించి డాక్టరుకేం తెలుసునని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బిడ్డ దగ్గునూ, గోడమీది బూజునూ ఒకే ఉత్తరంలో రాసిన ఆ తల్లి సగం రోగనిర్ణయం తానే చేసింది. మిగిలిన సగం చెప్పడం నా వంతు.

నేను జగిత్యాలలో ప్రాక్టీసు పెట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది. వారానికొక రోజు కోరుట్ల వెళ్ళి రోగులను చూస్తాను. అంతకుముందు కొన్నాళ్ళు సిరిసిల్లలో పనిచేశాను. ఈ మూడు ఊళ్ళలోనూ వానాకాలం దగ్గులు చూసీ చూసీ, మందుచీటీ రాసేముందు “మీరు పడుకొనే గది గోడ ఎట్లా ఉంది?” అని అడగడం నాకు అలవాటైపోయింది.

ఒకే మాట, రెండు జబ్బులు

మా వైపు మాటల్లో ఒక తమాషా ఉంది. గోడ తడిగా ఉంటే ‘నెమ్ము పట్టింది’ అంటారు. ఛాతీలో కఫం చేరినా, ఊపిరితిత్తులకు జబ్బు చేసినా ‘నెమ్ము చేసింది’ అనే అంటారు. రెండింటికీ ఒకే మాట వాడుతున్నామంటే, వాటికి ఏదో సంబంధం ఉందని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారన్నమాట.

అయితే నెమ్ము గోడలోకి వచ్చే దారి ఊరికొక రకం, ఇంటికొక రకం. జగిత్యాల పాత వీధుల్లో మట్టిగోడల పెంకుటిళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక పెంకు జరిగితే నీళ్ళు దూలం వెంట దిగి గోడలోకి ఇంకుతాయి. ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇంటి అరుగు పల్లమవుతుంది. వాననీరు పునాదిని పట్టుకొంటుంది.

కోరుట్లలో గల్ఫు డబ్బుతో కట్టిన స్లాబు ఇళ్ళు చాలా ఉన్నాయి. యజమాని దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. పై అంతస్తు గదులు సగం ఏడాది తాళాల్లో ఉంటాయి. గాలి ఆడదు. మేడమీది నీటిగొట్టానికి ఆకులు అడ్డుపడినా చూసే దిక్కుండదు. బీడీలు చుట్టే ఇళ్ళలో తునికాకును నీళ్ళలో తడిపి, తడిగుడ్డలో చుట్టి ఇంట్లోనే ఉంచుకొంటారు. దానితో గదిలో తేమ ఇంకాస్త పెరుగుతుంది.

సిరిసిల్ల మానేరు ఒడ్డున ఉన్న ఊరు. నేతకారుల ఇళ్ళు చాలాచోట్ల ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇద్దరికీ మధ్య ఒకే గోడ. పక్కింటి స్నానాలగది నీళ్ళు మన పడకగదిలో బూజై పూస్తాయి. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లోకి వరదనీళ్ళు వచ్చాయి. 2022 జూలైలో జగిత్యాల జిల్లాను వానలు ముంచెత్తాయి. ఇట్లాంటి వరదల్లో నీళ్ళు పోయినా, తడిసిన గోడలు, పరుపులు, ప్లైవుడ్ బీరువాలు ఇళ్ళలోనే మిగిలిపోతాయి.

బూజుకు కావలసింది నీళ్ళే

బూజు అంటే ఏమిటి? కంటికి కనిపించనంత సన్నని శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. మీ ఇంట్లోనూ ఉంటాయి, మా ఆసుపత్రిలోనూ ఉంటాయి. పొడిగోడ మీద వాలితే వాటివల్ల ఏమీ కాదు. తడి దొరికితే మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. రంగు, కాగితం, చెక్క, గుడ్డ, చివరికి గోడమీది దుమ్ము, ఏదైనా వాటికి ఆహారమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజుల మీద ఒక మార్గదర్శక గ్రంథం ప్రచురించింది. ఇన్ని బీజాలుంటే పరవాలేదు, ఇన్నుంటే ప్రమాదం అని అందులో లెక్క పెట్టలేదు. ఇంట్లో తడి నిలవకుండా చూసుకోవడమే అసలు నివారణ అని చెప్పింది. కనుక బూజు జబ్బు కాదు, జబ్బు లక్షణం. జ్వరానికి మాత్ర వేసి, జ్వరమెందుకు వచ్చిందో చూడని వైద్యుడూ, బూజుమీద రంగు పూసి, నీళ్ళెక్కడివో చూడని మేస్త్రీ ఒక్క కోవకే చెందుతారు.

బూజు వల్ల అందరికీ జబ్బు చేయదు. కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద. దమ్ము, అంటే ఆస్తమా ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. పసిపిల్లలు, ముసలివారు, మధుమేహం అదుపులో లేనివారు, కాన్సరుకు మందులు వాడేవారు, మూత్రపిండాలు మార్పిడి చేయించుకొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పూర్వం టీబీ వచ్చి తగ్గినవారి ఊపిరితిత్తుల్లో మచ్చలు, గుల్లలు మిగిలితే, వాటిలో ఆస్పర్జిల్లస్ అనే బూజు గూడుకట్టే అవకాశం ఉంది.

ఇంకొక మాట. 2021లో కోవిడ్ రెండో విడతలో ‘బ్లాక్ ఫంగస్’ అనే పేరు విని జనం హడలిపోయారు. ఆ ఏడాది మే నెలలో మన రాష్ట్రం దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. దాని అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. గోడమీద నల్లగా కనిపించినదల్లా అది కాదు. నలుపు అనేది రంగు మాత్రమే. ఆ పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టి పని ఒప్పుకొనే మనిషిని గుమ్మం దగ్గరే ఆపేయండి.

అట్లాగని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాలుడు 2020 డిసెంబరులో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు. అద్దె ఇంట్లో చాలాకాలంగా ఉన్న బూజే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ బాలుడు పుట్టకముందే, 2017లో, తండ్రి బూజు సంగతి ఇంటి యాజమాన్యానికి చెబితే వారిచ్చిన సలహా “మీద రంగు వేసుకోండి” అని. ఆ తరువాత అక్కడ చట్టం మారింది. ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్ళలో ప్రమాదకరమైన చెమ్మ, బూజు కనిపిస్తే గడువులోగా బాగుచేయాలన్న నిబంధన 2025 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. కోరుట్ల సోదరి ఇంట్లో మూడుసార్లు జరిగిన పని కూడా రంగు వేయడమే. అందుకే ఆ ఉత్తరం చదివి నవ్వలేకపోయాను.

ముందు మీరే చూడండి

మనిషిని పిలవడానికి ముందు మీరు ఇంట్లోనే చేయదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఖర్చు లేనివి.

గోడమీద తెల్లగా పొడి రాలుతుంటే ఒక చుక్క నీళ్ళు వేయండి. కరిగిపోతే అది ఉప్పు. మట్టిలోంచో ఇటుకలోంచో తడి వెంట పైకి వచ్చింది. కరగకుండా మెత్తగా, మరకలా ఉండిపోతే బూజు కావచ్చు. రెండింటికీ కారణం తడే గాని, మొదటిది మాత్రం పునాది వైపు వేలు చూపిస్తుంది.

జానెడు పాలిథీన్ కాగితం గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు వేయండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితానికి గోడవైపు చెమ్మ ఉంటే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి. గదివైపు చెమ్మ ఉంటే ఇంటిగాలిలో తేమ ఎక్కువై గోడమీద చేరుతోంది. ఈ రెండోదానికి మేస్త్రీతో పనిలేదు. కిటికీలు తెరవాలి, తడిబట్టలు గదిలో ఆరేయకూడదు, కూలరు వేస్తే ఎదురుగా ఒక కిటికీ తీసి ఉంచాలి. వానలు పడ్డాక కూలరు మానేయాలి. బీరువాను గోడకు నాలుగు వేళ్ళు ఎడంగా జరపాలి. పసుపు, మక్కల బస్తాలను గోడకు ఆనించి పేర్చకూడదు.

మరక ఎక్కడుందో గమనించండి. గోడ అడుగున మోకాలెత్తు వరకే ఉంటే భూమిలోంచి పైకి పాకుతోంది. పైకప్పు మూలల్లో ఉంటే స్లాబు. గోడ మధ్యలో ఒకచోట గుండ్రంగా ఉంటే లోపలి నీటిగొట్టం. వాన పడినప్పుడే పెరుగుతుందా, ఎండాకాలంలో కూడా ఉంటుందా? మరక అంచున పెన్సిలుతో గీతగీసి తారీఖు వేయండి. మీ ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రేపు వచ్చే మేస్త్రీకి ఇది మంచి కేసుషీటు.

బూజు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకు మించకపోతే, నీళ్ళు వచ్చే దారి మూసిన తరువాత దాన్ని మీరే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవచ్చు. అంతకు మించితే, మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఇంట్లో దమ్ము రోగి ఉంటే మనిషిని పిలవడం మంచిది.

మా ఇంటికి వచ్చిన ముగ్గురు

మన ఊళ్ళలో బూజు తీయడమే వృత్తిగా ఉన్నవారు అరుదు. మేస్త్రీ, ప్లంబరు, పెయింటరు, వాటర్‌ప్రూఫింగు మనిషి, వీళ్ళలో ఎవరో ఒకరు చేయాలి. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే వారికి జబ్బు ఆ పనిముట్టుకు సరిపోయేదిగానే కనిపిస్తుంది. అందుకే మనిషిని ఎంచుకోవడం కష్టం.

జగిత్యాలలో మా ఇల్లు వెనకభాగం నాన్నగారి నాటి పెంకుటిల్లు, ముందుభాగం తరువాత వేసిన స్లాబు. రెండూ కలిసేచోట ఉన్న గది మా అమ్మది. అమ్మకు దమ్ము ఉండేది. ఒక వానాకాలం ఆ గది గోడ నల్లబడింది. ఆమె ఆయాసమూ పెరిగింది. నేను ముగ్గురిని పిలిచాను.

మొదటి ఆయన ఇంటికి రాకుండానే ఫోనులో అడుగుకింత అని రేటు చెప్పాడు. వచ్చాక గోడను చూశాడు గాని మేడ ఎక్కలేదు. “ఒక్కరోజు పని సార్. మందు కొట్టి, మంచి పెయింటు రెండు కోట్లు వేస్త. పదేండ్ల గ్యారంటీ.” గ్యారంటీ కాగితం మీద ఇస్తావా అంటే, “మాట మీదనే నడుస్తది సార్” అన్నాడు.

రెండో ఆయన చొక్కా జేబుమీద కంపెనీ గుర్తు ఉంది. గోడకు ఏదో యంత్రం ఆనించి, తల అడ్డంగా ఆడించి, “ఇది మామూలు ఫంగస్ కాదు. అమ్మగారికి ప్రాణాపాయం. ఈ రోజే అడ్వాన్సు ఇస్తే డిస్కౌంటు ఉంటది” అన్నాడు. నేను డాక్టరునని ఆయనకు తెలియదు. ఏ ఫంగస్ అని అడిగితే జవాబు లేదు. తడి ఎక్కడిదని అడిగినా జవాబు లేదు.

మూడో ఆయన సిరిసిల్ల నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన పెద్దమేస్త్రీ. వచ్చీ రాగానే మంచినీళ్ళు అడిగి తాగి, అమ్మ మంచం పక్కన కూర్చొన్నాడు. “ఎప్పటిసంది నల్లగైంది అవ్వా? వానకు ఎక్కువైతదా? రాత్రి గోడ ముట్టుకుంటే సల్లగుంటదా?” అని ఆమెనే అడిగాడు. తరువాత మేడ ఎక్కాడు. పెంకులూ స్లాబూ కలిసేచోట ఒక బిందె నీళ్ళు పోసి, కిందికి వచ్చి బీడీ తాగేంతసేపు బయట కూర్చొని, మళ్ళీ గదిలోకి వెళ్ళి గోడను చేత్తో తడిమి చూశాడు. పెంకుల నీళ్ళను పట్టే రేకు కాలువ తుప్పుపట్టి చిల్లు పడిందని చెప్పాడు.

“మరి ఎప్పుడు మొదలుపెడతావు?” అన్నాను.

“కాలువ రేపు మారుస్త సారూ. గోడ ఇప్పుడు ముట్ట. తడిగోడ మీద పని చేస్తే నా పైసలు నాకొస్తయి, మీ నెమ్ము మీకుంటది. అవ్వను వేరే అర్రల పండవెట్టుండ్రి. గోడ ఆరినంక పిలుండ్రి.”

ఇంకొక మాట కూడా అన్నాడు. “అడుగు గోడ మట్టిది సారూ. భూమిల తడి కొంత గుంజుతనే ఉంటది. అది మొత్తం నేను ఆపలేను. సిమెంటు పూస్తే లోపట్నే ఊరి పైకెక్కుతది. సున్నమే వేయాలె.” చేయగలిగింది చెప్పేవారు చాలామంది దొరుకుతారు. చేయలేనిది ముందే చెప్పాడు గనుక నేనా మనిషికి పని ఇచ్చాను. పాత మట్టిగోడలకు సున్నమే మంచిదన్న మాట నిజం కూడా. సున్నం గోడలోని తడిని బయటికి ఆరనిస్తుంది. దానికున్న క్షారగుణం వల్ల బూజు తొందరగా పట్టదు. మన ఇళ్ళలో దసరా ముందు సున్నం, జాజు వేసే ఆనవాయితీ వానాకాలం వెళ్ళీ వెళ్ళగానే రావడం చాలా తెలివైన ఏర్పాటు.

అడగవలసిన ప్రశ్నలు

ఆ ముగ్గురినీ చూశాక, నేను రోగులకు చెప్పే సలహా కొంత ఖచ్చితంగా తయారైంది. కనీసం ఇద్దరు ముగ్గురిని పిలిచి, అందరినీ ఇవే ప్రశ్నలు అడగండి.

‘నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నాకు చూపించు.’ ఇది మొదటి ప్రశ్న. దీనికి జవాబు రానిదే రేటు మాట ఎత్తనివ్వకండి.

‘బూజును తీసేస్తావా, మందు కొట్టి వదిలేస్తావా?’ చచ్చిన బూజు కూడా ఊపిరితో లోపలికి పోతే దమ్మును రేపుతుంది. కనుక చంపితే చాలదు, తీసివేయాలి. ఊడిన ప్లాస్టరును గట్టిగోడ తగిలేవరకు కొట్టేయాలి. బూజు లోపలికంటా దిగిన పీఓపీ సీలింగు, ప్లైవుడ్, దూదిపరుపులు కడిగితే బాగుపడవు. పారేయవలసిందే.

‘ఇంతకుముందు చేసిన ఇల్లు చూపిస్తావా?’ నిన్న చేసింది చూసి లాభం లేదు. కనీసం ఒక వానాకాలం గడిచిన ఇల్లు చూడాలి. వెళ్ళి ఆ ఇంటి ఆడవారిని అడగండి. గోడ సంగతి వారికే బాగా తెలుస్తుంది.

‘పని నువ్వే చేస్తావా, ఇంకొకరికి అప్పజెబుతావా?’ మాట్లాడింది ఒకరు, చేసింది మరొకరు అయితే రేపు అడగడానికి ఎవరూ దొరకరు.

ఏ జాతి బూజో తేల్చడానికి డబ్బిచ్చి గాలిపరీక్ష చేయించాలని ఎవరైనా అంటే తొందరపడకండి. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు మామూలు ఇళ్ళకు ఆ పరీక్ష అవసరం లేదు. జాతి ఏదైనా చేయవలసిన పని ఒక్కటే. పరీక్ష చేసేవాడే పని కూడా చేసేవాడైతే మరీ ఆలోచించాలి.

కోరుట్ల సోదరిలాంటి వారికి ఒక ప్రత్యేకమైన మాట. ఇంటాయన గల్ఫులో ఉంటే కొందరు కాంట్రాక్టర్లు “దుబాయి సారుతో మాట్లాడుకొన్నం” అని ఆడవారి ప్రశ్నలకు జవాబివ్వరు. ఆయనకు అక్కడి నుంచి గోడ కనిపించదు, ఖర్చు మాత్రమే కనిపిస్తుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి మాట్లాడండి. ఎంత పేరున్నవాడైనా, ఆ గోడ పక్కన పడుకొనే మీ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పనివాడికి పని ఇవ్వకండి.

కాగితం, డబ్బు

ఒక తెల్లకాగితం మీద అయినా సరే, ఆరు సంగతులు రాయించుకోండి. తడికి కారణం ఏమిటి, దాన్ని ఎట్లా ఆపుతాడు, ఎంత మేర ప్లాస్టరు కొడతాడు, ఏ కంపెనీ సరుకు ఎంత వాడతాడు, ఎన్ని రోజులు పడుతుంది, వచ్చే వానాకాలంలో మళ్ళీ చెమ్మ వస్తే ఏం చేస్తాడు. కింద సంతకం, తారీఖు. సరుకు డబ్బాలు మీ కళ్ళముందు సీలు విప్పాలి.

మొత్తం డబ్బు ముందే ఇవ్వవద్దు. ముందు సరుకు మందం ఇవ్వండి. నీళ్ళ దారి మూసి, గోడ కొట్టాక కొంత. పని పూర్తయ్యాక కొంత. చివరి భాగం, చిన్నదే కావచ్చు, ఒక గట్టివాన పడి గోడ పొడిగా నిలిచాక ఇచ్చేటట్లు ముందే ఒప్పుకోండి. తన పనిమీద నమ్మకమున్న మేస్త్రీ దీనికి జంకడు. స్లాబు పని అయితే, స్లాబు గట్టిగా ఉంటే, చుట్టూ కట్ట కట్టి రెండంగుళాల నీళ్ళు ఒక రోజంతా నిలిపి కింద చెమ్మ రావడం లేదని చూసుకోండి.

మనిషి మోసం చేస్తే? డబ్బిచ్చి చేయించుకొనే పని కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. 1915 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. అప్పుడు మీ దగ్గరున్న ఆ తెల్లకాగితం, రసీదులు, తారీఖు వేసిన ఫోటోలే మీ తరఫు సాక్షులు.

పని జరిగేటప్పుడు

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బూజును పొడిగా గీకితే కోట్ల బీజాలు గాలిలోకి లేస్తాయి. ఆ రోజు ఇంట్లో ఉన్న దమ్ము రోగి రాత్రికి ఆసుపత్రికి వస్తాడు. అందుకని ముందు గోడను తడిపి, తరువాత గీకాలి. ఫ్యాను ఆపాలి. గది గుమ్మానికి ప్లాస్టిక్ పట్టా కట్టాలి, కిటికీ మాత్రం బయటికి తెరవాలి. రాలిన పెళ్ళలు సంచిలో మూటగట్టి అప్పుడే బయటికి పంపాలి. పనివాళ్ళకు ఎన్-95 మాస్కు, చేతితొడుగులు మీరే కొనివ్వండి. వాళ్ళవీ ఊపిరితిత్తులే. పిల్లలు, ముసలివారు, దమ్మున్నవారు ఆ రోజుల్లో వేరే ఇంట్లో ఉండాలి.

బ్లీచింగ్ పౌడరులో స్నానాలగది కడిగే యాసిడ్ కలిపి చల్లేవారు ఉన్నారు. అది మహా ప్రమాదం. అందులోంచి క్లోరిన్ విషవాయువు వస్తుంది. మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. బ్లీచింగును అమ్మోనియా ఉన్న ద్రావణాలతోనూ కలపకూడదు. ప్లాస్టరు లోపలి బూజుకు బ్లీచింగు అంతగా పనిచేయదు కూడా. గట్టి పలకలకు, టైల్స్‌కు సబ్బునీళ్ళు, బ్రష్షు, తరువాత బాగా ఆరబెట్టడం, ఇది చాలు.

డాక్టరు చేసే పని

గోడ బాగుపడేవరకు మందులు ఆపకండి. బాగుపడ్డాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఇన్‌హేలరు వాడితే అలవాటైపోతుందన్న భయం వద్దు. ఇల్లు బాగుచేయించుకోవడం మందుకు తోడు, మందుకు బదులు కాదు.

ప్రతి దగ్గునూ బూజు మీదికి నెట్టడం కూడా తప్పే. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించాలి. టీబీ కాదని తేల్చుకోవాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సిరిసిల్లలో నూలుపని చేసేవారికి సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఛాతీ బిగపట్టినట్లుంటే అది పత్తిదుమ్ము వల్ల కావచ్చు. బీడీ కార్మికులకు పొగాకు దుమ్ము తోడవుతుంది. అందుకని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: దగ్గు ఇంట్లో ఎక్కువా, పనిలో ఎక్కువా? చుట్టాలింటికి వెళ్ళి నాలుగు రోజులుంటే తగ్గిందా? తిరిగి వచ్చిన రాత్రే మొదలైందా? ఈ నాలుగు ముక్కలు ఒక్కోసారి ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతాయి. బిడ్డ ఊపిరి తీసుకొంటుంటే పక్కటెముకల మధ్య గుంటలు పడినా, పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా గోడ సంగతి తరువాత చూడవచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి.

మా అమ్మ విషయానికి వస్తే, గది మార్చిన తరువాత ఆమె రాత్రిళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది. దమ్ము పూర్తిగా పోలేదు. పోతుందని నేను చెప్పనూ లేదు. ఇన్‌హేలరు వాడుతూనే, రాత్రి పడుకొని నిద్రపోగలిగింది. దమ్మున్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

కోరుట్ల సోదరికి నేను చెప్పేది ఇది. బాబు మంచం ఈ రాత్రే ఆ గోడ దగ్గర నుంచి వేరే గదిలోకి మార్చండి. వీలు చూసుకొని బాబును తీసుకొని వచ్చి నాకు చూపించండి. నాలుగోసారి రంగు వేయించకండి. గోడలకు, స్లాబుకు చేసే పనులు ఎండాకాలంలోనే బాగా కుదురుతాయి. తడిసిన గోడ ఆరడానికి వారాలు పడుతుంది. కనుక ఉగాది వెళ్ళాక మేస్త్రీలను పిలవడం మొదలుపెట్టి, మిరుగు వానల్లోపల పని ముగించుకోండి. వచ్చినవాడు మేడ ఎక్కుతాడో లేదో చూడండి. అంతకన్నా ముందు మీరే ఒకసారి ఎక్కి, నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయేమో చూసి తీసేయండి.